తిట్టు దక్కని మనిషి

ఇనుము చెక్కే ఆ లేత్ షెడ్డులో తిట్టంటే అవమానం కాదు. అక్కడ పనిచేసే మగవాళ్ళలో ఎవర్ని కదిపినా ఈ మాటే చెబుతారు. చెడిపోయిన ముక్క చేతికి చిక్కిందంటే మేస్త్రీ నోటికి ఇక అడ్డూ ఆపూ ఉండేది కాదు. "ఒరేయ్, ఇనుమురా ఇది! సొరకాయనుకున్నావా, ఇష్టమొచ్చినట్టు చెక్కెయ్యడానికి?" అని మొదలుపెట్టి, వాడి కళ్ళనీ, చేతుల్నీ, బుర్రనీ, వాణ్ణి బడికి పంపిన తండ్రినీ, పాఠం చెప్పిన పంతుల్నీ వరసపెట్టి కడిగిపారేసి, ఆ ముక్కను తుక్కు డ్రమ్ములోకి విసిరేవాడు. డ్రమ్ము ధన్‌మని మోగేది. దాంతో తిట్ల కార్యక్రమం ముగిసేది, అసలు పని మొదలయ్యేది. చొక్కా చేతులు పైకి మడుచుకుని, తిట్లు తిన్నవాడి పక్కనే నిలబడి, కొత్త కడ్డీ తనే మిషన్‌కి బిగించి, "ఇప్పుడు చెయ్యి, చూస్తా" అనేవాడు. వాడికి పని వచ్చేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు.

అందుకే టీ వేళ షెడ్డు బయట చేరి మగవాళ్ళంతా తమ తిట్లు తలుచుకుని మురిసిపోయేవారు. "నా పెళ్ళయిన మర్నాడు తిట్టాడు చూడూ, పెళ్ళికొడుకునని కూడా చూడలేదు" అని ఒకడంటే, "అదీ ఒక తిట్టేనా? నన్ను గేటు దాకా తరిమి, మళ్ళీ తనే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు" అని ఇంకొకడు గొప్పలు పోయేవాడు. ఎవరి తిట్టు పెద్దదైతే వాడు అంత పనిమంతుడని లెక్క.

మూడో నంబరు మిషన్ మీద పనిచేసే ఆవిడకు మాత్రం చెప్పుకోవడానికి ఒక్క తిట్టు కూడా లేదు. పేరుకేం లోటు లేదు, ఇంట్లో పెట్టింది ఒకటుంది. కానీ షెడ్డులో చిన్నా పెద్దా అంతా ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. తనకంటే ఓ పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. ఆ పిలుపులో మర్యాద ఉంది, దూరమూ ఉంది. ఆవిడ టీ గ్లాసు పట్టుకుని బయటికి వస్తే చాలు, అప్పటిదాకా పగలబడి నవ్వుతున్నవాళ్ళు ఠక్కున ఆగిపోయి, "రండక్కా, కూర్చోండి" అని బెంచీ మీద చోటిచ్చేవారు. చోటిచ్చాక ఏం మాట్లాడాలో ఎవరికీ తెలిసేది కాదు. ఎండ ఎక్కువగా ఉందని ఒకరు, వాన వస్తుందేమోనని ఒకరు. కొన్నాళ్ళు చూసి ఆవిడ టీ తన మిషన్ దగ్గరే తాగడం అలవాటు చేసుకుంది. ఆవిడ లోపలికి వెళ్ళగానే బయట మళ్ళీ నవ్వులు మొదలయ్యేవి.

చేరిన కొత్తలో ఆవిడకు ఉన్న సరదా చెప్పనలవి కాదు. లేత్ పని నేర్పే శిక్షణ కేంద్రంలో ఆ ఏడాదికి ఆడపిల్ల తనొక్కతే. ఉద్యోగం రావడమే గొప్ప అనుకుంది. అందరికంటే ముందు వచ్చి షెడ్డు తలుపు తీసేదాకా బయట నిలబడేది. మిషన్‌ను ఇంటి నుంచి తెచ్చుకున్న మెత్తని గుడ్డతో తుడిచేది. మిగతావాళ్ళ మిషన్ల కింద ఇనప చుట్టలు చిందరవందరగా పడి ఉంటే, మూడో నంబరు కింద నేల అద్దంలా ఉండేది. వాళ్ళ వదిన వెక్కిరించేది కూడా: "ఇంట్లో చీపురు ముట్టవు గానీ, అక్కడ ఇనుము కింద ఊడుస్తావట!"

మొదటి ముక్క చెడిన రోజు ఆవిడకు బాగా గుర్తు. అదొక బుష్. బుష్ అంటే గుండ్రటి చిన్న గొట్టం, షాఫ్టు అనే ఇరుసు అందులో అటూ ఇటూ ఊగకుండా తిరగాలి. లోపలి కోత కాస్త ఎక్కువైపోయింది. షాఫ్టు దూర్చి చూస్తే లొడలొడా ఊగింది. అయినా ఆవిడ పారిపోదలచుకోలేదు. తీసుకెళ్ళి మేస్త్రీ బల్ల మీద పెట్టి, తల వంచుకుని నిలబడింది. తండ్రినీ పంతుల్నీ తిట్టించుకోవడానికి సిద్ధపడే నిలబడింది. మేస్త్రీ కొలిచాడు. ఆవిడ ముఖం వంక చూశాడు. గొంతు తగ్గించుకుని, "పర్లేదమ్మా" అన్నాడు. ముక్కను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఎంత సంతోషించిందో! ఇంటికెళ్ళి అన్నయ్యకీ వదినకీ చెప్పుకుంది. "అందర్నీ అన్నేసి మాటలంటాడు గానీ, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు" అంది. "అదృష్టవంతురాలివే, మంచివాడు దొరికాడు" అన్నాడు అన్నయ్య. తను చెడగొట్టిన బుష్‌కి బదులు కొత్తది పక్క మిషన్ వాడు చేస్తున్నాడని మర్నాడు చూసి కూడా ఆవిడకు అనుమానం రాలేదు.

షెడ్డులో అందరికంటే పొడుగ్గా ఉండేవాణ్ణి పొడుగు అనే పిలిచేవారు. ఆవిడ తర్వాత చేరాడు. చేరినప్పుడు ఇనుము కోసే టూల్ ఏ కొస మిషన్‌కి బిగించాలో కూడా తెలియనివాడు. మేస్త్రీ వాణ్ణి తిట్టిన తిట్లన్నీ గోడకి అంటుకుని ఉంటే ఈపాటికి సున్నం వేయాల్సి వచ్చేది. రెండేళ్ళు అలా తిట్లు తింటూ తింటూ వాడు మంచి పనివాడయ్యాడు. కష్టమైన పనులన్నీ వాడి మిషన్ మీదికి పోయేవి. మూడో నంబరు మీదికి మాత్రం బుష్‌లే వచ్చేవి. నిన్నా బుష్‌లే, ఇవాళా బుష్‌లే. వాటిలో ఒకటీ అరా చెడితే "పర్లేదమ్మా" వచ్చేది, ఆ ముక్క మేస్త్రీ జేబులోకి పోయేది, ఎవరో ఒకరు మారు మాట్లాడకుండా ఇంకోటి చేసిపెట్టేవారు.

అప్పుడు తగిలింది ఆవిడకు దెబ్బ. తిట్టినవాళ్ళకే నేర్పుతున్నాడు. తనను తిట్టడం లేదంటే తనకు నేర్పడం లేదనే కదా అర్థం.

ఆడదానివి నీకెందుకు అని ఎవరైనా ఒక్కరు అని ఉంటే బాగుండేది. గొడవ పడేది, నాలుగు కడిగేది, ఓనరు దగ్గరికైనా వెళ్ళేది. ఎవరూ ఆ మాట అనలేదు. అంతా మంచివాళ్ళే. బరువైన కడ్డీ ఎత్తబోతే పరిగెత్తుకొచ్చి అందుకునేవారు, నూనె చిమ్మితే పక్కకి జరగమనేవారు. ఈ మంచితనంలోనే ఏదో మోసం ఉందని ఆవిడకు అనిపించేది. అనిపించడమే గానీ ఇదీ అని వేలెత్తి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఒక్కోసారి తన మనసే వంకరదేమోనని తనను తనే తిట్టుకునేది. ఇంకోసారి, తన పని తిట్టడానికి కూడా పనికిరాదనుకున్నాడేమోనని భయపడేది.

ఆ షెడ్డులో పెద్ద మర కోయగలిగినవాడే పనివాడు. పెద్ద మర అంటే కడ్డీ చుట్టూ గాడి కోసి చేసే పొడవాటి స్క్రూ, ప్రెస్సు మిషన్లకు వాడేది. మామూలు పనుల్లో ఒక కోత అయిపోగానే టూల్ నడిపే లివరు వదలాలి. పెద్ద మరకి అలా కుదరదు. మొదటి కోత నుంచి చివరి కోత దాకా లివరు వదలకూడదు, మిషన్‌నే వెనక్కి తిప్పి టూల్‌ను వెనక్కి తెచ్చుకోవాలి. వదిలారా, టూల్ మళ్ళీ పాత గాడిలో పడదు. పక్కన ఇంకో గాడి కోస్తుంది, మర చీలిపోతుంది, కడ్డీ తుక్కులోకి పోతుంది. వినడానికి ఇంతే. కానీ ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, కోత అయిపోయిందని తెలియగానే బుర్రని అడక్కుండానే లివరు వదిలేస్తుంది. మగవాళ్ళందరి చేతులూ మొదట్లో అలాగే వదిలేశాయి. దానికి మేస్త్రీ దగ్గర ఒకటే మందు. తిట్టాల్సినవన్నీ తిట్టి, వెనక నిలబడి, వాడి చేతి మీద తన చెయ్యి వేసి లివరుకి అదిమిపట్టేవాడు. ఆ చెయ్యి అలవాటు మరిచిపోయేదాకా పొద్దస్తమానం అలాగే.

ఆవిడ ఓ రోజు ధైర్యం చేసి అడిగింది. "మేస్త్రీ గారూ, నాకూ పెద్ద మర ఇవ్వండి. నేర్చుకుంటాను."

"ఎందుకమ్మా నీకా తలనొప్పి? బుష్‌లు చక్కగా చేస్తున్నావు కదా" అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

తర్వాత ఆవిడ చేసిన పని ఎవరితోనైనా చెబితే నవ్వుతారు. కావాలని ఒక బుష్ చెడగొట్టింది. కళ్ళు మూసుకుని తడిమినా తెలిసిపోయేంత ఘోరంగా చెడగొట్టింది. ఒక పక్క లావు, ఇంకో పక్క సన్నం. తీసుకెళ్ళి మేస్త్రీ బల్ల మీద టక్కున పెట్టింది. ఇప్పుడు తిట్టక చస్తాడా అనుకుంది. ఆయన ముక్కను ఇటూ అటూ తిప్పాడు. కనుబొమలు పైకి లేచాయి. ఆవిడ సంతోషంగా ఇంకో అడుగు ముందుకేసింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. "ఇంటికెళ్ళి పడుకో తల్లీ. ఇక్కడ నేను చూసుకుంటాలే."

మధ్యాహ్నమే ఇంటికి పంపించేశారు. అన్నయ్య వాళ్ళ మేడ మీద ఒకటే గది ఆవిడది. ఆ వేళప్పుడు గది ఎలా ఉంటుందో ఆవిడకే తెలియదు. కిటికీ లోంచి ఎండ మంచం దాకా వచ్చి పడింది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తన్నుతున్నారు. అంతా పనుల్లో ఉన్న వేళ, ఒంట్లో ఏ రోగమూ లేకుండా మంచం మీద కూర్చోవడం ఎంత దరిద్రంగా ఉంటుందో ఆ పూట తెలిసింది. చేతులకి నూనె మరకలు అలాగే ఉన్నాయి. కడుక్కోబుద్ధి కాలేదు.

అడుగుల చప్పుడు విని వదిన పైకి వచ్చింది. విషయం చెబితే ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నడుం పట్టుకుని నవ్వింది. "తిట్టలేదని ఏడుస్తున్నావా? నిక్షేపంలా నా దగ్గరికి రా, పూటకి నాలుగు పెడతాను. నిన్న మోటారు వేసి మరిచిపోయావు, ట్యాంకు పొంగి పక్కింటి గోడంతా తడిసింది. అదిగో, తిట్టు! చాలా, ఇంకోటి వెయ్యమంటావా?"

ఆవిడ కూడా నవ్వింది. వదిన మంచిది. ఇంట్లో తిట్లకి ఏనాడూ కొదవ లేదు. కానీ ఆ తిట్లతో లేత్ పని రాదు. వదిన కిందికి వెళ్ళిపోయాక గది మరీ పెద్దదిగా కనిపించింది.

అప్పట్నుంచి ఆవిడ పని మీద మనసు తీసేసింది. కోపంతో కాదు, ఎవరితోనూ గొడవా పడలేదు. గంట కొట్టేసరికి వచ్చేది, గంట కొట్టగానే వెళ్ళేది. మెత్తని గుడ్డ ఇంటి నుంచి తేవడం మానేసింది. టూల్‌కి పదును పోయినా దాంతోనే లాగించేది. కోసిన ముక్కను కొలవకుండానే బుట్టలో పడేసేది. చేతులు మిషన్ మీద ఉంటే మనసు ఎక్కడెక్కడో తిరిగేది. బుష్‌లు చెడితే చెడతాయి, ఎవరో ఒకరు చేసిపెడతారు, మేస్త్రీ జేబు పెద్దదే కదా అనుకునేది. అన్నిటికంటే నరకం ఏమిటంటే, ఆవిడ ఇలా మారిపోయిందని షెడ్డులో ఎవరికీ తెలియలేదు. మంచిగా చేసిన రోజుల్లోనూ "పర్లేదమ్మా", చెడగొట్టిన రోజుల్లోనూ "పర్లేదమ్మా". ఉన్న పనితనం కూడా చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోతుంటే ఆవిడ చూస్తూ ఊరుకుంది. ఏళ్ళు అలాగే గడిచాయి.

ఉన్నట్టుండి ఓ రోజు మేస్త్రీ మానేస్తున్నాడని తెలిసింది. చూపు తగ్గింది, కొలత గీతలు కనిపించడం లేదట. ఈ నెలాఖరుకి వెళ్ళిపోతాడు, ఆయన చోట్లోకి పొడుగు వస్తాడు. విని అందరూ అయ్యో అన్నారు. ఆవిడకు మాత్రం నిద్రలో ఎవరో నీళ్ళు కుమ్మరించినట్టయింది. పెద్ద మర ఇప్పుడు నేర్చుకోకపోతే ఇక ఈ జన్మకి బుష్‌లే. నేర్పగలిగిన మనిషి ఆయనొక్కడే. మనసు చచ్చిపోయిందనుకుంది గానీ ఎక్కడో ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం మగవాళ్ళంతా బయట నీడలో కూర్చుని తినేవారు. షెడ్డు లోపల తినేది ఇద్దరే. మేస్త్రీ తన బల్ల దగ్గర, ఆవిడ తన మిషన్ దగ్గర. ఇన్నేళ్ళూ ఒకరి డబ్బా మూత చప్పుడు ఇంకొకరికి వినిపించేంత దూరంలో తిన్నారు గానీ, ఒక్కరోజు కూడా మాట్లాడుకున్నది లేదు. ఆవిడ డబ్బా మూసేసి, చెయ్యి కడుక్కుని, ఆయన ముందు నిలబడింది.

"ఒక మాట అడగాలి మేస్త్రీ గారూ."

"అడుగమ్మా."

"నేనంటే మీకు లెక్క లేదా?"

ఆయన కంగారుపడ్డాడు. "అదేం మాటమ్మా! నువ్వు బంగారం లాంటి మనిషివి."

"మనిషి సంగతి కాదండీ, పని సంగతి. పొడుగుని తిట్టారు, వాడికి పనొచ్చింది. అందర్నీ తిట్టారు, అందరికీ వచ్చింది. నన్ను ఒక్కసారైనా తిట్టారా? కావాలని చెడగొట్టి తెచ్చినా తిట్టలేదే! ఆడదాన్నని కదూ?"

మేస్త్రీ చేతిలో ముద్ద పక్కన పెట్టేశాడు.

"నీకు ముందు ఈ మూడో నంబరు మీద ఇంకో అమ్మాయి ఉండేది. నీకెవరూ చెప్పలేదేమో" అన్నాడు. "చురుకైన పిల్ల. అందర్నీ తిట్టినట్టే తిట్టేవాణ్ణి, నవ్వుతూ పడేది. పెద్ద మర మొదలుపెట్టించాను. చెయ్యి లివరు వదిలేస్తుంటే నా చెయ్యి వేసి పట్టాను, మీ అందర్నీ పట్టినట్టే."

"నన్ను కాదు" అంది ఆవిడ.

"నిన్ను కాదు" అని ఒప్పుకున్నాడు. "ఎవరో చూసి ఎక్కడో ఏదో చెప్పారు. మర్నాడు వాళ్ళాయన గేటు దగ్గరికొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. వీధంతా చూశారమ్మా. ఆ పిల్లని మళ్ళీ పనిలోకి రానివ్వలేదు. ఆ పిల్ల నన్ను తప్పుపట్టలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. అప్పుడు ఒట్టు పెట్టుకున్నా. ఇంకే ఆడపిల్లనీ ఒక్క మాట అనను, చెయ్యి వేయను అని. నిన్ను గౌరవంగా చూసుకున్నాననే అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

ఇన్నేళ్ళూ ఆవిడకు ఆయన్ని చెడ్డవాడనుకోవడమే సుఖంగా ఉండేది. ఇప్పుడు చూస్తే ఎదురుగా ఉన్నది ఒక భయపడ్డ ముసలాయన. ఎవరి మొగుడో ఎవరి చొక్కానో పట్టుకుంటే, దానికి తన బతుకు బుష్‌ల పాలైంది. ఎవర్ని తిట్టుకోవాలి?

"నాకు మొగుడు లేడు మేస్త్రీ గారూ. గేటు దగ్గరికొచ్చి గొడవ చేసేవాళ్ళు ఎవరూ లేరు" అంది. "రేపు నాకు పెద్ద మర ఇవ్వండి. చాటుగా వద్దు, అందరి ముందే. చెయ్యి వదిలేస్తే చెయ్యి పట్టుకోండి. తిట్టండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను."

"సరేనమ్మా" అన్నాడాయన. ఆ సరేలో బలం లేదు.

మర్నాడు ఆవిడ అందరికంటే ముందు వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత టూల్‌కి మనసుపెట్టి పదును పెట్టింది. మేస్త్రీ పొడవాటి కడ్డీ తెచ్చి బిగించాడు. షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. అందరూ తమ పని చూసుకుంటున్నట్టే ఉన్నారు గానీ, అందరి చూపూ మూడో నంబరు మీదే.

మొదటి కోత నున్నగా వచ్చింది. వదలకు, వదలకు అని ఆవిడ తనలో తను చెప్పుకుంటూనే ఉంది. మిషన్ వెనక్కి తిరిగింది. రెండో కోత. చెయ్యి నిలిచింది. మేస్త్రీ కాస్త దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. "అదీ, అలాగే" అంటున్నాడు. ఇంకో కోత చివరికి వచ్చేసరికి ఎన్నో ఏళ్ళ బుష్‌ల అలవాటు చేతిలోకి పొంగుకొచ్చింది. మేస్త్రీ చెయ్యి చటుక్కున ముందుకి వచ్చింది. ఆవిడ చేతి మీదికి వచ్చింది, ఆవిడకి ఆ చేతి నీడ కనిపించింది. అక్కడే ఆగిపోయింది. ఆగిన చెయ్యి వెనక్కి వెళ్ళి, బల్ల మీద ఉన్న గుడ్డకి ఊరికే తుడుచుకుంది. లివరు వదులైంది. టూల్ పాత గాడి పక్కన కొత్త గాడి గీసింది.

ఆవిడ తిరిగి చూసింది. తిట్టండి అని ముఖమంతా అడుగుతోంది. మేస్త్రీ నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. ఇన్నేళ్ళు ఇంతమంది మీద విరుచుకుపడ్డ నోరు అది.

"పర్లేదమ్మా" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ తలలు తిప్పుకుని మిషన్లు గట్టిగా తిప్పారు.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆవిడ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. ఆయన నోటితో చెబుతూనే ఉన్నాడు. కానీ మాట చెవికి చేరేలోపే చెయ్యి వదిలేసేది. ఆ చేతిని ఆపాలంటే ఇంకో చెయ్యే కావాలి.

వెళ్ళిపోయే రోజు షెడ్డు మధ్యలో కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. అందరికీ టీలు తెప్పించారు. ఒక్కొక్కడూ లేచి నిలబడి, తను తిన్న తిట్టు ఏమిటో ఆయన గొంతుతోనే చెప్పాడు. పెళ్ళికొడుకు తిట్టు, గేటు తిట్టు, సొరకాయ తిట్టు, పొడుగు మూడు తిట్లు. నవ్వీ నవ్వీ ఏడ్చారు. మేస్త్రీ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. చివర్న ఎవరో, "అక్కా, మీరు కూడా ఒకటి చెప్పండి" అన్నారు.

ఆవిడ లేచింది. అబద్ధం ఒకటి కల్పించి చెప్పాలని ఒక్క క్షణం ఆశ కలిగింది. నోరు రాలేదు.

"మేస్త్రీ గారు నన్ను ఒక్కనాడు కూడా ఒక్క మాట అనలేదు" అంది.

షెడ్డంతా చప్పట్లతో మారుమోగింది. ఎంత గొప్పవాడు, ఎంత మర్యాద అన్నారు. ఓనరు కూడా కొట్టాడు చప్పట్లు. మేస్త్రీ ఒక్కడు తల దించుకున్నాడు. చప్పట్లు ఆగేదాకా ఆవిడ అలాగే నిలబడి, తర్వాత కూర్చుని, చల్లారిన టీ తాగింది.

పొడుగు మేస్త్రీ అయ్యాడు. పదవి రాగానే గొంతు కూడా వచ్చింది. మేస్త్రీ తిట్లన్నీ పోగేసుకుని, కొన్ని సొంతంగా కలిపి, షెడ్డు దద్దరిల్లేలా తిడుతున్నాడు. ఆవిడ పని వదల్లేదు. ఓ చీల తెచ్చి, చెయ్యి వదిలినా లివరు కదలకుండా దానికి అడ్డం పెట్టింది. ఎన్నో కడ్డీలు పాడయ్యాక, గాడి రెండుగా చీలిపోకుండా మొదటి పెద్ద మర తయారైంది. ఎవరూ నేర్పకుండా ఒక్కతే సాధించింది. పట్టుకెళ్ళి పొడుగుకి ఇచ్చింది.

"బావుందక్కా!" అన్నాడు వాడు, చేతిలోకి తీసుకోకుండానే.

"నట్టు వేసి చూశావా?"

"మీరు చేశాక ఇంకా చూడటం ఎందుకక్కా?"

ఆవిడ నట్టు వాడి అరచేతిలో పెట్టింది. "చూడు."

తప్పక నట్టు తిప్పాడు. మొదట్లో సాఫీగా వెళ్ళింది. సగానికి వచ్చాక బిగిసిపోయింది. వాడి ముఖంలో రంగు మారింది. అదే ఇంకెవడైనా అయితే ఈపాటికి తాతముత్తాతలు లేచి వచ్చేవారు. వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పర్లే..."

"ఆ మాట అనకు" అంది ఆవిడ. "తిట్టు."

"అయ్యో, మిమ్మల్నా?"

"నన్నే. ఎక్కడ తప్పు చేశానో నాకు తెలియట్లేదురా. నువ్వు తిట్టకపోతే నాకు ఎప్పటికీ తెలియదు. తిట్టరా!"

వాణ్ణి ఆవిడ రా అనడం అదే మొదలు. చుట్టూ మిషన్లు ఆగిపోయాయి. పొడుగు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. పాపం, నిజంగానే ప్రయత్నించాడు. చివరికి ఎంతో కష్టపడి, నేల చూపులు చూస్తూ, "కొంచెం చూసుకోవాలి కదక్కా... మీరే ఇలా చేస్తే ఎలా అండీ?" అన్నాడు.

ఆ షెడ్డులో ఆవిడకు జీవితం మొత్తం మీద దక్కిన తిట్టు అదొక్కటే, అది కూడా అండీతో. ఆవిడ తల ఊపి, స్క్రూ వెనక్కి తీసుకుని, మూడో నంబరుకి కొత్త కడ్డీ బిగించింది. పొడుగు వెనకాలే రెండడుగులు వేశాడు. ఏదో చెప్పబోయాడు. అంతలో అవతలి మిషన్ మీద ఎవడిదో ముక్క చెడినట్టు కేక వినిపించింది. వాడు అటు పరిగెత్తి, "ఒరేయ్, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావట్రా!" అని అందుకున్నాడు.